బలి కోరిన వాక్కు: ఇకెమెఫునా, ముసలమ్మ కథల తులనాత్మక పరిశీలన

చినువా అచెబె రచించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' అను ఆంగ్లనవల 1958వ సంవత్సరమున లండనునందు ప్రకటితమైనది. ఆఫ్రికాఖండమున వెలసిన నవలలలో ఇంతటి వ్యాప్తి గాంచినవి మిక్కిలి అరుదు. 'చెదిరిన సమాజం' అను పేర ఇది తెలుగులోనికిని వచ్చినది. తులనాత్మక సాహిత్యము మన విశ్వవిద్యాలయములలో పఠనీయాంశమైన పిమ్మట ఈ నవలను గూర్చి ముచ్చటించుట పరిపాటియైనది. కాని ఆ ముచ్చటలలో తరచుగా రెండు దోషములు కానవచ్చుచున్నవి. మొదటిది, సామ్యముల పట్టికతో తృప్తిపడుట. అక్కడ పెండలపు పండుగ, ఇక్కడ సంక్రాంతి. అక్కడ అతిథికి కోలా కాయ, ఇక్కడ తాంబూలము. అక్కడను సామెతలు, ఇక్కడను సామెతలు - ఇట్లు జతపరచి విరమించుట. సామ్యము చూపుట పరిశోధనకు ఆరంభమే కాని ఫలము కాదు.

రెండవ దోషము ఇంతకన్న సూక్ష్మమైనది. ఇగ్బో జాతి ఆచారవ్యవహారములను ఒక అధ్యాయమున వివరించి, కథావస్తువును మఱియొక అధ్యాయమునను, పాత్రపోషణమును వేరొక అధ్యాయమునను చర్చించుట. అప్పుడు సంస్కృతి నాటకశాలలోని చిత్రితమైన తెరవలె వెనుక వ్రేలాడుచుండును. పాత్రలు దాని ముందు వచ్చి పోవుచుందురు. అచెబె నవలలో సంస్కృతి తెర కాదు. అది కథను నడుపు శక్తి. ఒక ఆచారమును తొలగించినచో ఒక సంఘటనయే తొలగిపోవును. ఈ విషయమును నిరూపించుటకు నేను ఈ వ్యాసమున ఒక్క ఘట్టమునే గ్రహించి, దానిని మన అనంతపుర మండలమునకు చెందిన ఒక బలికథతో పోల్చి చూచుచున్నాను. ఆ పోలికవలన నవల ఎంత స్పష్టపడినదో, మన కథయు అంతకంటె ఎక్కువగా స్పష్టపడినదని నా అనుభవము.

రచయిత, నవల

అచెబె 1930వ సంవత్సరమున నైజీరియా దేశపు ఆగ్నేయభాగమునందలి ఒగిడి గ్రామమున జన్మించి, 2013లో మరణించెను. అతని తండ్రి క్రైస్తవ ప్రచారక సంఘమున బోధకుడు. బంధువర్గమున పూర్వధర్మమును విడువనివారును ఉండిరి. ఈ రెండిండ్ల నడుమ పెరిగిన బాలుడు ఇబదాన్ విశ్వవిద్యాలయ కళాశాలలో చదువుకొనుచు, జాయిస్ కేరీ అను రచయిత 1939లో నైజీరియాను గూర్చి వ్రాసిన నవలను చదివి, అందు తన జనము చిత్రితమైన తీరునకు నొచ్చుకొనెను. ఆ నొప్పి అతనిని నవలారచనకు ప్రేరేపించిన కారణములలో ఒకటి. నవలానామము యేట్స్ కవి ఖండికనుండి గ్రహింపబడినది. అనగా ఆఫ్రికా పతనమును చెప్పుటకు ఐరోపా కవి తన నాగరకత పతనమును గూర్చి పలికిన మాటనే రచయిత ఎరువు తెచ్చుకొనెను. ఇందలి వ్యంగ్యము గమనింపదగినది.

నవలయందు 25 ప్రకరణములు, మూడు భాగములు కలవు. మొదటి భాగమున 13, తక్కిన రెంటను ఆరేసి ప్రకరణములు. తెల్లవారు ఉమువోఫియా గ్రామమున అడుగిడకముందే గ్రంథము సగముకంటె ఎక్కువ గడచిపోవును. కావున దీనిని 'తెల్లవారు వచ్చి చెడగొట్టిన కథ'గా మాత్రమే వివరించువారు మొదటి పదమూడు ప్రకరణములకు సమాధానము చెప్పవలసియుండును.

కథానాయకుడు ఒకొంక్వో. తండ్రి ఉనోక పిల్లనగ్రోవి వాయించుచు అప్పులతో కాలము గడపి, బిరుదొక్కటియు పొందక మరణించినవాడు. తండ్రివలె కాకుండుటయే కుమారుని జీవితవ్రతము. పదునెనిమిదవ యేట ప్రసిద్ధుడైన మల్లుని పడగొట్టి, స్వయంకృషిచే పెండలపు గాదెలు నింపి, బిరుదులు పొంది పెద్దమనుష్యుడగును. ఇగ్బోలకు సామాన్యముగా రాజులు లేరు. పెద్దల సభ, బిరుదు పొందినవారు, ముసుగు ధరించి న్యాయము చెప్పు పితృదేవతలగు ఎగ్వుగ్వులు, దేవతల పూజారులు - వీరందరి నడుమ అధికారము పంచబడియుండును. మనిషి విలువను అతని తండ్రి విలువనుబట్టి కాక, అతని విలువనుబట్టియే నిర్ణయించు సమాజమది. ఒకొంక్వో ఎదుగుదలకు కారణమైనదియు ఆ ధర్మమే, పతనమునకు కారణమైనదియు ఆ ధర్మమే.

భూదేవతకు చేసిన అపరాధములు

నవలలో ఒకొంక్వో ఆని అను భూదేవతకు ముమ్మారు అపరాధము చేయును. మొదటిది, నాట్లకు ముందు పాటింపవలసిన శాంతివారమున భార్యను కొట్టుట. ఆని పూజారి ఆడమేకను, కోడిపెట్టను, వస్త్రమును, నూరు గవ్వలను దండుగగా విధించును. రెండవది, ఎజెఉడు అను వృద్ధుని అంత్యక్రియలలో తుపాకి పగిలి, మృతుని పదునారేండ్ల కుమారుడు మరణించుట. ఇది తెలియక జరిగినదే యైనను, స్వజనరక్తము నేలపై పడినది గాన ఏడేండ్ల ప్రవాసము తప్పలేదు; తల్లి పుట్టినిల్లగు ఎంబాంటాకు పోవలసివచ్చెను. మూడవది, చివర ఉరివేసికొని మరణించుట. ఆత్మహత్య భూమికి మైల గనుక స్వజనులు శవమును తాకరాదు. అన్యులే దించి పూడ్చవలెను.

దండుగ, ప్రవాసము, అనాథప్రేతత్వము - ఈ మూడును మెట్లుమెట్లుగా పెరిగినవి. కథకు ఇవియే స్తంభములు. 'ఇగ్బో సంస్కృతి' అను వేరు అధ్యాయమున ఆనిని వర్ణించి, 'వస్తునిర్మాణము' అను అధ్యాయమున ఆమెను మరచినచో నిర్మాణము దొరకదు.

ఐతే ఈ మూటికి నడుమ, ఏ పట్టికలోను చేరని చర్య ఒకటి కలదు. అదియే ఇకెమెఫునా వధ. ఎంబైనో వారు ఉమువోఫియా ఆడుపడుచును చంపినందులకు యుద్ధము తప్పించుకొన ఒక కన్యను, పదునైదేండ్ల బాలుని పరిహారముగా ఇత్తురు. ఆ బాలుడు ఇకెమెఫునా. ఒకొంక్వో ఇంట మూడేండ్లు పెరిగి, అతనిని తండ్రి యని పిలుచుచు, పెద్దకొడుకగు న్వోయెకు అన్నవంటివాడగును. అప్పుడు కొండగుహలలోని దైవవాక్కు అతని ప్రాణము కోరును. ఆ బాలుడు నిన్ను తండ్రి యనుచున్నాడు గాన నీవు ఆ పనిలో చేయి పెట్టవలదని ఎజెఉడు ముందే హెచ్చరించును. ఐనను ఒకొంక్వో వెంటనడచును. బాలుడు తనవైపు పరుగెత్తి రాగా, పిరికివాడందురేమో యన్న భయముచే తానే మచ్చుకత్తి ఎత్తును.

దీనికి దండుగ లేదు, దైవాజ్ఞ కదా! కాని మిత్రుడగు ఒబియెరిక ఈ పని భూదేవికి సమ్మతము కాదనును. భూమి దూతయే ఆజ్ఞాపింపగా భూమి నన్నెట్లు శిక్షించునని ఒకొంక్వో వాదించును. తన కుమారుని చంపవలెనని వాక్కు వచ్చినచో తాను ఎదిరింపను, తన చేతితో ఆ పనియు చేయనని ఒబియెరిక సమాధానము. ఇచట సంస్కృతి ఏకకంఠముతో మాటాడుటలేదు. ఆజ్ఞను శిరసావహించుటకును, దానికి తన చేతిని అర్పించుటకును నడుమ ఒక సన్నని గీత కలదనియు, దానిని గుర్తించువారు ఆ సమాజముననే కలరనియు రచయిత చూపుచున్నాడు. హెచ్చరించిన ఎజెఉడు అంత్యక్రియలలోనే, అతని బాలుడే, ఒకొంక్వో తుపాకిచే మరణించుట యాదృచ్ఛికముగా వ్రాసినది కాదు. ధర్మశాస్త్రము లెక్కింపని అపరాధమును కథ లెక్కించినది.

కరవు యేడు

ముసలమ్మ కథకు పోవుటకు ముందు, ఈ నవల మూడవ ప్రకరణమును మన మెట్టనేలపై చదువు తీరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. యువకుడగు ఒకొంక్వో న్వాకిబియె అను సంపన్నుని ఆశ్రయించి 800 పెండలపు విత్తనములను పాలికి తెచ్చును. పంటలో మూడవవంతే అతనిది. ఆ యేడు తొలివానకు తన సొంత విత్తనములు 400 నాటెను. వాన మొగము చాటువేసెను. ఎండకు నేల నిప్పుకవలె కాలుచుండగా మొక్కలచుట్టు కిత్తనార ఆకులు కప్పెను, అవియు ఎండిపోయెను. తరువాత మిగిలిన విత్తనము నాటగా, ఈమారు వాన ఎడతెగక కురిసి దిబ్బలను కోసివేసెను. ఆ యేడు ఒక రైతు తన బట్టతోనే చెట్టుకొమ్మకు ఉరివేసికొనెను. రచయిత ఆ రైతు పేరు చెప్పలేదు.

ఇగ్బోదేశము అడవులును, అధికవర్షమును గల సీమ. మనది సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమును కూడ నమ్మరాని ఎర్రనేల. కాని అదునుకు వేసిన విత్తు పదును తప్పి మాడుట, తిరిగి విత్తుటకు అప్పు చేయుట, చేనుకోతవేళ వాన దిగబడుట - ఇవి వేరుసెనగ రైతునకు వివరింపనక్కరలేదు. 1990వ దశకము చివరినుండి ఈ మండలమున రైతుల ఆత్మహత్యలు జరిగినవి. విమర్శకులు కొందరు ఆ పేరులేని రైతును కథానాయకుని మరణమునకు సూచనగా మాత్రమే గ్రహింతురు. సూచన యగుట నిజమే. కాని మా తరగతిలో ఆ వాక్యమువద్ద చదువు ఆగిపోవుట నేను పలుమారులు చూచితిని. ఆ రైతు అలంకారము కాదు, ఒక ఇంటివాడు. కరవు తెలిసిన పాఠకునకు ఒకొంక్వో కాఠిన్యము ఎక్కడ గట్టిపడినదో తెలియును. ఆ యేడు బ్రతికినవాడు ఇక దేనికైన బ్రతుకగలనని తలచెను. మెత్తదనము చావునకు దారి యని నమ్మెను. ఇకెమెఫునాపై లేచిన కత్తికి ఆ కరవు యేడు పదును పెట్టినది.

బుక్కరాయసముద్రపు ముసలమ్మ

అనంతపురము పుట్టుకయే చెరువుతో ముడిపడినది. 14వ శతాబ్దమున బుక్కరాయల కాలమున చిక్కవొడెయరు అను అధికారి పండమేరుకు అడ్డకట్ట వేయించి చెరువు నిర్మించెనని ప్రసిద్ధి. ఆ చెరువున కొకవైపు అనంతపురము, మఱియొకవైపు బుక్కరాయసముద్రము వెలసినవి. ఒకప్పుడు పెనువానలకు చెరువు నిండి కట్ట తెగసాగెననియు, బుక్కరాయసముద్రపు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇచ్చిననే గండి నిలుచునని దైవవాక్కు వినవచ్చెననియు, ఆమె అత్తమామలవద్దను, భర్తవద్దను, చంటిబిడ్డవద్దను సెలవు గైకొని గండిలో దిగెననియు కథ. ముసలమ్మ కట్టవద్ద ఆమె నేటికిని పూజలందుకొనుచున్నది.

బ్రౌను దొర సేకరించిన అనంతపుర చరిత్రనుండి ఈ కథను గ్రహించి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో, మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నప్పుడు, 'ముసలమ్మ మరణము' అను కావ్యము రచించిరి. రాజును, దేవతను, పురాణస్త్రీని విడిచి ఒక రైతింటి కోడలిని నాయికగా గ్రహించుటయు, విషాదాంతమును అంగీకరించుటయు ఈ కావ్యమునకు ఆధునిక సాహిత్యచరిత్రలో స్థానము కల్పించినవి. ఈ గౌరవమునకు అది అర్హమే.

ఇట్టి కథ మనకొక్కరికే సొంతము కాదు. పొరుగున కన్నడదేశమున 'కెరెగె హార' అను జానపదగీతము ప్రసిద్ధము. కల్లనకేరి మల్లనగౌడుడు త్రవ్వించిన చెరువున నీరు పడదు. కోడలిని బలి ఇయ్యవలెనని చెప్పగా, పెద్దకోడలు పోయినచో ఇంటికి పెద్దదిక్కు పోవునని తలచి, చిన్నకోడలు భాగీరథిని నిర్ణయింతురు. అనంతపురము కన్నడసీమకు అంచున నున్నది గాన ఈ రెండు కథలును ఒక కుదుటినుండి వచ్చిన పాయలు కావచ్చునను ఊహకు ఆస్కారము కలదు. మన ప్రకృతవిషయమునకు వాని నడుమనున్న భేదమే ముఖ్యము.

పోలిక, భేదము

ఇకెమెఫునా వధ పూర్వపు హత్యకు సంబంధించిన పరిహారము, ముసలమ్మది జలబలి. ఈ రెండును ఒకే ఆచారము కావు. ఒకటి నవలారచయిత కల్పన, మఱియొకటి స్థలపురాణము. ఈ భేదమును దృష్టిలో నుంచుకొనియే మూడు ప్రశ్నలు వేయవచ్చును.

బలికి ఎన్నుకొనబడినది ఎవరు? రెంటను వెలుపలినుండి ఇంటిలోనికి వచ్చినవారే. ఇకెమెఫునా పరగ్రామపు బాలుడు. ముసలమ్మ మెట్టినింటి కోడలు, అందును చిన్నకోడలు. ఇరువురును ప్రేమింపబడినవారే. కాని వారి నష్టము రక్తబంధువుల నష్టమంత లోతుగా ఊరిని తాకదు. దైవవాక్కు ఎప్పుడును ఊరి పెద్దను, పెద్దకొడుకును కోరకపోవుట ఆలోచింపవలసిన విషయము. కన్నడగీతము ఈ గుట్టును దాచక బయటపెట్టినది: అచట దైవము బలిని కోరినది, వ్యక్తిని ఎన్నుకొన్నది ఇంటివారు. మన కథలో ఆ ఎన్నిక దైవవాక్కులోనే కలిసిపోయి కానరాకున్నది.

బలి యగు వ్యక్తికి విషయము తెలియునా? ఇకెమెఫునాకు తెలియదు. తల్లిని చూడబోవుచున్నానని తలచి, చిన్ననాటి పాటను మనసులో పాడుకొనుచు, ఆమె బ్రతికియున్నదో లేదో యని అడుగులు లెక్కించుచు అడవిదారిన నడచును. ముసలమ్మకు తెలియును, తెలిసి, సమ్మతించి, స్వయముగా నడచును. ఈ సమ్మతియే ఆమెను త్యాగమూర్తిగా చేసినది. కాని అదియే పాఠకుని చూపును కట్టమీది జనమునుండి మరలించి ఆమె ముఖముమీద నిలిపినది. ఆమె ఎంత గొప్పదైన కొలది జనము అంత నిర్దోషులగుదురు. కరుణరసము పుష్కలముగా పండిన తావున న్యాయాన్యాయ విచారము మూగవోవుట కావ్యములలో అరుదు కాదు.

ప్రశ్నించువారు కలరా? నవలలో కలరు. ముందు హెచ్చరించిన వృద్ధుడు, వెనుక నిందించిన మిత్రుడు, నోరెత్తని కుమారుడు - ముగ్గురు. ఆనాటి రాత్రి తండ్రి ఇంటికి రాగానే న్వోయెకు జరిగినది తెలిసిపోవును. అతని లోపల ఏదియో సడలిపోవును. అడవిలో పారవేసిన కవలపిల్లల ఏడుపు విన్ననాడును అతనికి ఇట్లే అయినది. తరువాత క్రైస్తవబోధకుల పాట విన్నప్పుడు అతనిని లాగినది మతసిద్ధాంతము కాదు; ఆ రెండు గాయములకు తగిలిన చల్లదనము. ఏడవ ప్రకరణమున పడిన బీటలోనికి పదునారవ ప్రకరణమున నీరు చొచ్చినది. చెరువుకట్ట ఎరిగిన మనకు ఈ వరుస సులభముగా బోధపడును: కట్ట తెగుట ఒకనాటి వరదవలననే యైనను, ఎలుకబొక్కలు అంతకు ముందే పడియుండును.

ముసలమ్మ కథలో ఇట్టి న్వోయె లేడు. ఆ చంటిబిడ్డ పెరిగి పెద్దవాడై ఏమనుకొనెనో ఏ కవియు చెప్పలేదు.

ఒక విద్యార్థి ప్రశ్న

ఇచట నా పొరపాటొకటి ఒప్పుకొనవలెను. పెక్కేండ్లు నేను 'ముసలమ్మ మరణము'ను త్యాగకావ్యముగాను, అచెబె నవలను సంస్కృతీవిధ్వంసమునకు సాక్ష్యముగాను బోధించితిని. బాల్యమున మా అవ్వ చేయి పట్టుకొని ముసలమ్మ కట్టకు పోయి టెంకాయ కొట్టినవాడను. ఆమెను గూర్చి ప్రశ్న వేయవచ్చునను తలపే నాకు కలుగలేదు. ఒకనాడు ఈ రెండు రచనలను ఒకేవారమున చెప్పవలసివచ్చెను. పాఠము ముగిసిన పిదప వెనుకవరుసలోని విద్యార్థి యొకడు లేచి, "ఆ మాట యినింది ఎవరు సార్? ముసలమ్మ అప్పుడు కట్టమీద ఉండెనా?" అని అడిగెను.

ఆమె లేదు. వాక్కును విన్నది గుమిగూడిన జనము. ఆమెకు అది వార్తగా ఇంటికి చేరినది. ఇన్నియేండ్ల పాఠములో నేను చూడని విషయమది. అతడే మరల, "ఆ నవల్లో గూడా చెదిరిపోయింది ఎవరి సమాజం సార్? ఓసువాళ్లదా?" అనెను. నేనప్పుడు సమాధానము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ సమాధానమునకు ఒక ప్రయత్నము.

ఓసులనగా దేవతకు అంకితమైనవారు. వారు స్వతంత్రులతో పెండ్లికి, సభకు, బిరుదునకు తగరు, జుట్టు కత్తిరింపరాదు, ఊరికి ఎడముగా నివసింపవలెను. చర్చికి వారు వచ్చినప్పుడు తక్కిన క్రొత్తక్రైస్తవులే అభ్యంతరము చెప్పిరి. కియాగా అను బోధకుడు వారిని చేర్చుకొని జుట్టు తీయించెను. నాలుగుమారులు కవలలను కని పోగొట్టుకొన్న న్నెకా అను స్త్రీ గర్భిణిగా నుండి చర్చిలో చేరెను. వీరి దృష్టిలో చెదిరినది యేమి? ఒక సంకెల. ఒకొంక్వో దృష్టిలో చెదిరినది యేమి? తాను ఎక్కి వచ్చిన నిచ్చెన. అచెబె గొప్పతనము ఈ రెండు సత్యములను ఒకదానికొకటి బలి ఇయ్యక నిలుపుటయందున్నది. పూర్వసమాజము న్యాయసభ గలది, చర్చ గలది, కవిత్వము గలది. దాని అడవిలో పసిపాపల ఏడుపును గలదు. తెల్లదొర తెచ్చినది బడియు, వైద్యశాలయు. దానివెనుక చెరసాలయు, అబామె గ్రామపు సంహారమును.

మనకును పూర్వకాలమును బంగారుయుగముగా చూచు అలవాటు కలదు. రాయలకాలమున అంగళ్లలో రత్నములు రాసులు పోసిరని చెప్పి కరవును మరచిపోవుట మనకు ఓదార్పు. బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి' నవల 18వ శతాబ్దపు అనంతపుర పాలెగాండ్ర కాలమును గ్రహించి, ఆ ఓదార్పును నిరాకరించినది. 2019వ సంవత్సరపు కేంద్రసాహిత్య అకాడెమి పురస్కారము పొందిన ఈ నవల కోటలోనివారి చరిత్రకు కోటవెలుపలివారి బ్రతుకును ఎదురు నిలిపినది. అచెబెతో దీనిని పోల్చదలచిన పరిశోధకులు ఆచారముల సామ్యమును కాక ఈ నిరాకరణమును పరిశీలించినచో మేలు.

పదముల అనువాదమును గూర్చి

ఇగ్బో భావములకు తెలుగుపదములు వెదకుటలో జాగరూకత అవసరము. 'చి' అను పదమును తలరాత యని వ్రాయుట కలదు. చి యనగా ప్రతి మనిషికిని తోడుగా నుండు వ్యక్తిగత దైవము. మనిషి గట్టిగా ఔనన్నచో అదియు ఔననునని ఇగ్బోల నానుడి. నుదుట వ్రాసిన వ్రాత అట్లు మాటాడదు. అచెబె ఈ భావముపై ప్రత్యేకవ్యాసము వ్రాసెననుటయే దీని సంక్లిష్టతకు సాక్ష్యము. చి ని తలరాతగా మార్చినచో ఒకొంక్వో విధివంచితుడగును. అతని బాధ్యత మాసిపోవును.

అట్లే ఓసును పంచముడనుట సగము నిజము. అంటరానితనము ఉన్నది, కాని మూలము పుట్టుక వృత్తి కాదు, దేవతకు అర్పణము. బళ్లారి, అనంతపుర ప్రాంతముల బసివి ఆచారమున దేవతకు అర్పణము ఉన్నది. కాని అది స్త్రీలకు మాత్రమే చెందినది. ఓసు స్థితి ఈ రెండింటికిని నడుమ, దేనితోను పూర్తిగా కలియక నిలిచియుండును. ఇట్టి చోట్ల ఇగ్బోపదమునే ఉంచి, వాక్యసందర్భముచే అర్థము తెలియజేయుట అచెబె ఆంగ్లమున అనుసరించిన మార్గము. తెలుగుననువదించువారికిని అదియే శరణ్యము. పోలిక మనకు ద్వారము చూపవలెను కాని, ద్వారమే ఇల్లని భ్రమింపజేయరాదు.

ముగింపు

నవల చివర జిల్లా కమిషనరు ఒకొంక్వో శవమును చూచి, తాను వ్రాయబోవు గ్రంథమున ఈ మనిషికి ఒక ప్రకరణము కాకున్నను, ఒక పేరా యైన కేటాయింపవచ్చునని తలచును. 25 ప్రకరణముల జీవితము ఒక పేరాకు కుదించుకొనిపోవును. మన జిల్లాను గూర్చి డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో సంతరించిన గెజెటీరు పరిశోధకునకు నేటికిని పనికివచ్చు గ్రంథమే. కాని ఏ గెజెటీరు నైనను తెరచినప్పుడు, పేరా వెనుక ప్రకరణము ఉండునను స్పృహ మనకు ఉండవలెను.

ఐతే ఆ కమిషనరు తప్పు అతనిది మాత్రమే కాదు. సామ్యముల పట్టిక వ్రాయు పరిశోధకుడును అదియే చేయుచున్నాడు. ఇకెమెఫునాను 'బలి ఆచారము' అను శీర్షికక్రింద ఒక పంక్తిలో ముగించుచున్నాడు. దీనికి ఎదురుగా, భక్తుడు ముసలమ్మను గుడిలో నిలిపి ప్రశ్నకు అందకుండ చేయుచున్నాడు. ఒకరు మనిషిని చిన్నదిగా చేసిరి, మఱియొకరు దేవతను చేసిరి. ఇరువురి చేతను మనిషి పోయినది. సాహిత్యవిమర్శకు తగిన స్థానము ఈ రెంటికి నడుమ, కట్టమీద, వాక్కు విన్నవారి సమీపమున. వారెవరు, ఏమి విన్నారు, విని యేల ఊరకుండిరి అని అడుగుట మన పని. అట్లడుగుట ముసలమ్మకు అగౌరవము కాదు. గండిలో దిగిన ఆమె ధైర్యము ఆమెది; దిగవలసివచ్చిన కారణము ఊరిది.

నాటినుండి నేను ఈ రెండు రచనలను విడివిడిగా బోధించుట మానితిని. ఇప్పటికిని కట్టకు పోయినప్పుడు టెంకాయ కొట్టుచునే యున్నాను. కాని గుడివైపు చూచినంతసేపు కట్టవైపును చూచుచున్నాను. ఈ పరిశీలనలోని లోపములను విజ్ఞులు సవరింతురు గాక. ఆ విద్యార్థివలె వెనుకవరుసనుండి లేచి అడుగువారు మన తరగతులలో పెరుగుదురు గాక.